చౌడక్క బొటనవేలి మీది బూడిద

ధర్మవరంలో వీధి మధ్యన నిలబడి చౌడేశ్వరీ అని పిలిస్తే ఇంటికొకరు తలుపు తీస్తారు. నేతవాళ్ళ ఊరు, నేతవాళ్ళ అమ్మవారి పేరు, ఇంక కొరతేముంది. మా చౌడక్కను పట్టుకోవాలంటే పేరును కాదు, చెవుల్ని నమ్ముకోవాలి. ఏ ఇంట్లోంచి మగ్గం చప్పుడూ దాని వెనకాలే కీబోర్డు చప్పుడూ కలిసి వస్తాయో ఆ ఇంటి ముందు చెప్పులు విడవండి. మగ్గం దగ్గర ఉన్నది ఆమె భర్త హనుమంతు. ఆయన మాట్లాడడు. పెళ్ళిలో పంతులు చెప్పమన్న మంత్రం కూడా తల ఊపి సరిపెట్టాడంటారు. కీబోర్డు దగ్గర ఉన్నది చౌడక్క.

ఆమె సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు ఈ చుట్టుపక్కల లేడు. నా పేరు లోకేష్, ఊరు సోమందేపల్లి. ఇంటర్ రెండో ఏడు మధ్యలో కాలేజీని వదిలేశాను, పాపం ఆ కాలేజీ ఇప్పటికీ తేరుకోలేదు. పెళ్ళిళ్ళకు పాటలు పాడే ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయిస్తాను. ఒకసారి పెనుకొండలో నేను కొట్టిన దెబ్బకు కోట గోడల్లోని గబ్బిలాలన్నీ లేచి లేపాక్షి దాకా వెళ్ళి, పాట అయిపోయాక తిరిగొచ్చాయని చెప్పుకుంటారు. ఎక్కువగా చెప్పుకునేది నేనే, అది వేరే విషయం.

చౌడక్క అసలు పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల కొసలు ఒక్కొక్కటిగా కలిపి మెలిపెట్టాలి. పోగులు వేలల్లో ఉంటాయి. పట్టు జారుడు సరుకు కాబట్టి పక్కన చిన్న డబ్బాలో బూడిద పెట్టుకుని, బొటనవేలికి కాస్త అద్దుకుని నులమాలి. ఈ పనికి ఒకటే నియమం. కొత్త పోగు మెలిపడేదాకా పాత పోగును వదలకూడదు. వదిలావా, మళ్ళీ దాన్ని దొరకబుచ్చుకోవడం సంతలో తప్పిపోయిన మేకపిల్లను వెతికినట్టే. చౌడక్క పదో తరగతితో బడి మానేసి ఈ పనిలో కూర్చుంది. అప్పటినుంచి ఆమె బొటనవేలు ఏదైనా ఒకసారి పట్టుకుంటే వదిలే రకం కాదు. ఆమె గిల్లితే రాయికి కూడా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

సంగీతం వాళ్ళ నాయన దగ్గర వచ్చింది. ఆయన భజనలో హార్మోనియం వాయించేవాడు. ఆ పద్ధతిలో బొటనవేలికి పని లేదు. నాలుగు వేళ్ళు మెట్ల మీద పరుగెడుతుంటే, బొటనవేలు మాత్రం ఫుట్‌బోర్డు మీద కండక్టర్‌లా బయట వేలాడుతుంది. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు అబ్బాయి చెప్పాపెట్టకుండా బెంగుళూరు వెళ్ళిపోయినప్పుడు నేనే ఆమెను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆ నాలుగు వేళ్ళతోనే ఆమె రొద్దంలో ఒక పెళ్ళి వాయించింది. ఆ వేగానికి పంతులు కూడా మంత్రాల వేగం పెంచాడనీ, ముహూర్తం రాకముందే పెళ్ళి అయిపోయిందనీ, పెళ్ళికొడుకు అత్తగారింట్లో కూర్చుని ముహూర్తం కోసం ఎదురుచూశాడనీ నేను చెబితే నవ్వుతారు. నవ్వండి.

అయినా స్టేజీ మీద ఆమె ఎవరికీ కనిపించేది కాదు. ముందు పాడేవాళ్ళు, పక్కన స్పీకర్లు, వెనకాల ఆమె. పాట బాగుందని అందరూ పాడినవాళ్ళ దగ్గరికే వెళ్ళేవాళ్ళు. దానికి ఆమె బాధపడినట్టు నాకెప్పుడూ కనిపించలేదు. కానీ వ్యాన్‌లో వస్తుంటే దారిలో ఏ బడి కనిపించినా మాట ఆపి, అది వెనక్కి వెళ్ళిపోయేదాకా చూసేది. నేను చదువు మానేసి తప్పించుకున్నవాణ్ణి. ఆమెను ఇంట్లోవాళ్ళు మాన్పించారు. మా ఇద్దరికీ తేడా అది.

అందుకే పెనుకొండలో ఒక ప్రైవేటు బడివాళ్ళు పియానో కొన్నారనీ, పిల్లలకు నేర్పే మనిషి కావాలనీ ఒక పెళ్ళి విందులో నా చెవిన పడగానే చేతిలో లడ్డు వదిలేసి ఆమె దగ్గరికి వెళ్ళాను. లడ్డు వదిలాను అంటున్నాను, గమనించండి.

చౌడక్క ముందు నమ్మలేదు. తర్వాత భయపడింది. "బడి ఇడిసిపెట్టినదాన్ని బడిలోకి ఎవురు రానిస్తారబ్బా?" అంది.

"సర్టిఫికెట్ వద్దంట అక్కా. వాయించి చూపిస్తే సాలంట."

వాయించి చూపడమంటే మన పాటలు కాదు. స్వరాల వరసలు కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వాయించాలి. మొదట నెమ్మదిగా, తర్వాత మధ్యరకంగా, చివరికి వేగంగా. ఎక్కడా గతుకు వినిపించకూడదు. సాధన చేసుకోవడానికి కొన్ని నెలల గడువిచ్చారు. పిల్లలు టీచర్ చేతిని చూసే నేర్చుకుంటారు కాబట్టి ఐదు వేళ్ళూ సరిగ్గా పడాలన్నారు. ఐదు అనగానే చౌడక్క తన బొటనవేలి వైపు చూసుకుంది.

హిందూపురంలో చంద్రశేఖర్ సారు ఉన్నాడు. బెంగుళూరులో చాలా ఏళ్ళు పియానోలు శ్రుతి చేసి, నేర్పించి, వయసు మళ్ళాక సొంతూరికి వచ్చినవాడు. ఇంటి హాల్లో సగం పియానో, మిగతా సగంలో ఆయన. నోరు విప్పితే సగం తెలుగు, సగం కన్నడం. చౌడక్క వారానికోసారి ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కి హిందూపురంలో దిగేది. నేను స్టేషన్ నుంచి బైకు మీద సారు ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. సారు వాళ్ళింట్లో కాఫీ బాగుంటుంది. నేను వెళ్ళింది మాత్రం అక్క కోసమే.

మొదటి రోజు ఆమె నాలుగు వేళ్ళతో వాయిస్తుంటే సారు కాసేపు చూసి, "ఈ బొటనవేలు ఏం తప్పు చేసిందమ్మా, బయట నిలబెట్టినావు?" అని అడిగాడు. తర్వాత తనే కూర్చుని చూపించాడు. వేళ్ళు ఐదే, స్వరాలు బోలెడు, కాబట్టి మధ్యలో చెయ్యి ముందుకు జరగాలి. స రి గ మూడింటికీ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు సరిపోతాయి. మ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు అరచేతి కిందినుంచి దూరి దాన్ని అందుకోవాలి. అక్కడినుంచి మళ్ళీ వరస. ఆ దూరడం ఎవరికీ వినిపించకూడదు. అంతే, అన్నాడు సారు. ఆ అంతే దగ్గరే చౌడక్క నెలలపాటు ఇరుక్కుపోయింది.

స రి గ నీళ్ళలా పోయేవి. మ దగ్గర ధబ్‌మని ఒక దెబ్బ. సోమందేపల్లి హైవే మీద బస్సు హాయిగా పోతూ స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టు ఉండేది. సారు మణికట్టు వదులు చేయమన్నాడు, మోచెయ్యి విసరొద్దన్నాడు, కుర్చీ ఎత్తు మార్చాడు, పియానో కిందికి వంగి చూశాడు. గతుకు మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ బూడిద సంగతి చెప్పాలి. వేళ్ళతో ఏ పని మొదలుపెట్టినా ముందు బొటనవేలికి బూడిద అద్దుకోవడం చౌడక్కకు అలవాటు. చేతి సంచిలో డబ్బా ఎప్పుడూ ఉంటుంది. పియానో ముందు కూర్చోగానే తెలియకుండానే డబ్బా తీసి అద్దుకునేది. సారు అది విభూతి అనుకున్నాడు. ఎంత భక్తురాలో అని ఆయన కూడా కళ్ళు మూసుకుని చేతులు జోడించేవాడు. పాఠానికి ముందు దండం పెట్టుకోవడం ఈయన పద్ధతి కాబోలని ఆమె కూడా జోడించేది. ఇలా ఒకరి భక్తిని ఒకరు గౌరవించుకుంటూ ఇద్దరూ ఎండాకాలం దాటించారు. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి మూడో దండం పెట్టేవాణ్ణి. హాలు గుడిలా ఉండేది.

ఒకనాటి మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ సరిగ్గా పియానో మీద పడింది. గుడ్డతో తుడవబోయిన సారు చెయ్యి ఆగిపోయింది. తెల్ల మెట్లలో స మీదా మ మీదా తప్ప ఎక్కడా మరక లేదు. స మీద చిన్న బూడిద చుక్క. మ మీద మాత్రం హైవే మీద లారీ బ్రేకు కొట్టినట్టు పొడుగాటి చార. ఇదేమిటమ్మా అని అడిగితే, పట్టు జారకుండా సార్ అని చెప్పింది చౌడక్క. పియానోలో పట్టు ఎక్కడుందమ్మా అని సారు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడింది. తర్వాత ఆమె కూడా నవ్వింది. అన్నాళ్ళు దండాలు పెట్టిన నాకు మాత్రం ఏం చేయాలో తోచలేదు.

ఆ బూడిద పారేయమంటాడేమో అనుకున్నాను. సారు డబ్బా మూత తీసి తనే ఆమె ముందు పెట్టాడు.

"ఉండనీయమ్మా. నా చెవి చెప్పలేనిది ఇది చెప్తా ఉండాది. చార వస్తే నీ వేలు మెట్టు మీద ఈడ్చుకుంటా వచ్చినట్టు. చుక్క పడితే పైనుంచి దిగినట్టు. నువ్వు చుక్క పెట్టు, చాలు."

అప్పటినుంచి పాఠం మారింది. బొటనవేలు స ను వదిలిన మరుక్షణమే బయలుదేరాలి. రి మోగుతుండగానే అరచేతి కిందికి చేరి, గ మోగేసరికి మ పైన గాలిలో సిద్ధంగా ఉండాలి. బస్సు వచ్చాక ఇంట్లోంచి పరుగెత్తడం కాదు, ముందే స్టాపులో నిలబడాలి. దిగేటప్పుడు గోరు పక్క అంచుతో తేలిగ్గా దిగాలి. నులమకూడదు. చౌడక్క ఇంట్లో మా ఆర్కెస్ట్రా కీబోర్డు మీద ఇదే చేసింది. కొన్నాళ్ళకు చార పొట్టిదైంది, మరి కొన్నాళ్ళకు చుక్క అయింది. నెమ్మది వరస వెన్నలా వచ్చింది. మధ్యరకం వేగంలో చెయ్యి కూడా కొంచెం పక్కకు జరిగి బొటనవేలికి తోడు పోయింది, అదీ కుదిరింది.

వేగం పెంచగానే మళ్ళీ చార.

సారు ఆమె చేతిని చాలాసేపు చూసి తప్పు పట్టుకున్నాడు. మ దొరికేదాకా ఆమె గ ను వదలడం లేదు. నడిమివేలు ఒక మెట్టును పట్టుకుని వేలాడుతుంటే, బొటనవేలు దాని కిందినుంచి తన్నుకుంటూ వస్తోంది. నెమ్మదిలో అది చెల్లుతుంది. వేగంలో కిందినుంచి దూరడానికి సమయం ఎక్కడుంది? అప్పుడు దూరొద్దు, గ వదిలేసి చెయ్యి మొత్తం ఎత్తి పక్కకు పెట్టేయమన్నాడు సారు. మధ్యలో వచ్చే సందు ఆ వేగంలో ఏ చెవికీ అందదన్నాడు.

చౌడక్కకు ఇది నచ్చలేదు. "వదిలితే పోగు తెగుతాది సార్" అంది. ఇది పోగు కాదమ్మా అని సారు ఎంత చెప్పినా తల ఊపేది, వాయించేటప్పుడు మాత్రం వదిలేది కాదు. చిన్నప్పటినుంచి వదలకూడదని నేర్చుకున్న చెయ్యి అది. ఇన్నేళ్ళు ఒక్క చీరా పాడవకుండా కాపాడిన చెయ్యిని ఇప్పుడు వదిలేయమంటే ఎందుకు వింటుంది? పైగా సారు చెప్పాడు కదా అని ఒకసారి ప్రయత్నించి, చెయ్యి ఎత్తి ఎక్కడో ప దగ్గర దించింది. ఆ చప్పుడుకు సారు ఇంటి పిల్లి గోడ దూకి పోయింది. మూడు రోజుల తర్వాత దాన్ని గౌరీబిదనూరులో చూశామన్నవాళ్ళున్నారు.

బడివాళ్ళు పెట్టే పరీక్షకు ఇంక వారం ఉందనగా నేను ధర్మవరం వెళ్ళాను. చౌడక్క కీబోర్డుకు గుడ్డ కప్పేసి, అచ్చు అతుకుతూ కూర్చుంది. పోవడం లేదని చెప్పింది. ఆ బడి గేటు దాకా వెళ్ళి వెనక్కి రావడం కంటే ఇంట్లో ఉండడమే నయమంది. వేగంగా వాయించలేని టీచర్‌ను పిల్లలు ఒక్క రోజులో కనిపెడతారంది. నేను నాకు తెలిసిన ధైర్యాలన్నీ చెప్పాను. నేను పదో తరగతి లెక్కల పరీక్షలో పెన్ను తెరవకుండానే పాసైన సంగతి కూడా చెప్పాను. ఆమె ఇంకో పోగు అందుకుని నులిమింది.

అప్పుడు మగ్గం ఆగింది. హనుమంతు అన్న నోరు తెరిచాడు. నేను ఆ ఇంటికి వెళ్తున్న ఇన్నేళ్ళలో ఆయన గొంతు వినడం అదే మొదలు కాబట్టి కాస్త నిటారుగా కూర్చున్నాను.

"నాడె ఇసిరినాక అది ఎవురి చేతిలో ఉంటాది?" అని అడిగాడు.

నాడె అంటే పడుగు మధ్యలో అడ్డపోగును లాక్కుని ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తేది. చౌడక్క చేతిలో పోగులు పట్టుకునే, "ఎవురి చేతిలోనూ ఉండదు" అంది.

"ఈడ ఇడిసిపెడ్తాను, ఆడ దొరుకుతాది. నడాన ఎవురూ పట్టుకోరు. ఇన్నేండ్లు నా చీరలు చూస్తాండావే, ఆ సందు గుడ్డలో యాడన్నా కనపడిందా నీకు?"

హనుమంతు అన్న తాడు లాగాడు. నాడె ఇటునుంచి అటు వెళ్ళింది, మళ్ళీ ఇటు వచ్చింది. ఆమె చూస్తూనే ఉంది. ఆయన మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా లాగాడు. నెమ్మదిలో అది కదలడం కనబడింది. వేగంలో ఇక్కడుంది, అక్కడుంది, మధ్యలో లేనే లేదు. గుడ్డ మాత్రం పెరుగుతోంది.

ఆమె చేతిలోని పోగు మెలిపెట్టి, అప్పుడే వదిలి, లేచి కీబోర్డు మీద గుడ్డ తీసింది. ఆ రోజు మొదటి పది పదిహేనుసార్లు విన్నది మీ చెవులకు చెప్పను. తర్వాత ఒకసారి స రి గ దాటి మ మీదికి చెయ్యి మొత్తం నాడెలా వెళ్ళింది. గతుకు లేదు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. చూసుకునే వ్యవధిలో ఆమె మళ్ళీ తప్పు వాయించింది, అయినా ఇప్పుడు దారి తెలిసింది. మళ్ళీ మాట్లాడతాడేమోనని హనుమంతు అన్న వైపు తిరిగాను. ఆయన మాటలు అయిపోయినట్టున్నాయి.

పరీక్ష రోజు చౌడక్కను పెనుకొండ బడికి బైకు మీద నేనే తీసుకెళ్ళాను. సంచిలో బూడిద డబ్బా లేదు. మెట్లు మురికి చేసిందని అనుకుంటారని సారు వద్దన్నాడు. నేను హాలు కిటికీ బయట నిలబడ్డాను. లోపల హెడ్మాస్టరు, పక్కన ఆమె వాయించడం చూడడానికి బెంగుళూరు నుంచి పిలిపించిన ప్రశాంతి మేడం. గోడకు వినాయకుడి పటం, కింద పళ్ళెంలో విభూతి. చౌడక్క వెళ్ళి దండం పెట్టుకుని నుదుట కాస్త పెట్టుకుంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె బొటనవేలు తన పాటికి తాను పళ్ళెంలో మునిగి పైకి వచ్చింది. కిటికీ బయటినుంచి నేను చేతులతో ఎన్ని సైగలు చేశానంటే, గ్రౌండులో ఆడుకునే పిల్లలు నన్ను డ్రిల్లు మాస్టరనుకుని వరసలో నిలబడ్డారు.

ఆమె చూడలేదు. కూర్చుని నెమ్మది వరస మొదలుపెట్టింది. బొటనవేలు ముందే వెళ్ళి నిలబడి దిగింది. మధ్యరకం వేగం, అదీ బాగానే పోయింది. ఇప్పుడు వేగంగా వాయించమంది ప్రశాంతి మేడం. చౌడక్క ఒక్క క్షణం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆమె భుజాలు దిగడం నాకు కనిపించింది. తర్వాత చెయ్యి లేచింది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. గ దగ్గర వదిలింది, మ దగ్గర దొరికింది. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు.

మేడం లేచి పియానో దగ్గరికి వచ్చింది. తెల్ల మెట్ల మీద ఉన్న మరకలు చూసి వంగింది. చౌడక్కకు అప్పుడు కనిపించింది తన వేలు. కొంగు తీసి తుడవబోతుంటే మేడం ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఇవేమిటని అడిగింది. చౌడక్క పోగుల సంగతి, బూడిద సంగతి, చార సంగతి, చుక్క సంగతి అన్నీ చెప్పింది. మొదట నేల చూస్తూ చెప్పింది, మధ్యలో తల ఎత్తింది, చివరికి మేడం బొటనవేలినే తన చేత్తో పట్టుకుని ఎలా దించాలో చూపించేస్తోంది. హెడ్మాస్టరు కూడా లేచి వచ్చి వంగాడు. స మీద చుక్కలు, మ మీద చుక్కలు. నా కళ్ళతో నేను కూడా తర్వాత చూశాను. ఒక్క చార లేదు.

"ఇవి తుడవొద్దు. సోమవారం పిల్లలకు ఇవే చూపించండి టీచర్" అంది ప్రశాంతి మేడం.

ఆ చివరి మాట ఎవర్ని అన్నారోనని చౌడక్క వెనక్కి తిరిగి చూసింది. వెనకాల కిటికీలో నేనున్నాను. నేను కాదని తల అడ్డంగా ఊపాను.

ఇప్పుడు ఆ బడిలో పిల్లలు పియానో దగ్గరికి వచ్చేముందు బొటనవేలికి సుద్దపొడి అద్దుకుంటారు. చార గీసినవాళ్ళు వరస చివరికి వెళ్ళాలి, చుక్క పెట్టినవాళ్ళు వేగం పెంచొచ్చు. సారుకు ఈ సంగతి చెబితే, సుద్దపొడికి కూడా దండం పెడుతున్నారా అని అడిగాడు. చౌడక్క అచ్చు అతికే పని ఆదివారాలు ఇంకా చేస్తూనే ఉంది. అక్కడ మాత్రం పాత పోగు వదలదు.

మొన్న తాడిమర్రిలో పెళ్ళి ఒప్పుకుని, ఆమెకు చెబుదామని బడికి వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగాడు. టీచరమ్మ తమ్ముణ్ణని చెప్పాను. లోపలికి పంపలేదు, గంట కొట్టేదాకా ఆగమన్నాడు. బడి గంట మోగకముందే గోడ దూకడం నా జీవితంలో నేను బాగా నేర్చుకున్న విద్య. అయినా ఆ రోజు గేటు బయట వేపచెట్టు కింద నిలబడి గంట కోసం ఎదురుచూశాను. లోపలినుంచి ఎవరో పిల్లాడు వాయించే వరస వినిపిస్తోంది. స రి గ, తర్వాత ధబ్. మళ్ళీ స రి గ, ధబ్. చౌడక్క గొంతు వినిపించింది.

"వదులు నాయనా. వదిల్తే ఏమీ కాదు."

ఇంకోసారి స రి గ మోగింది. ధబ్ వస్తుందని నేను అలవాటుగా చెవులు మూసుకున్నాను.

రాలేదు.